రొంపిచెర్ల రైలు స్టేషను: రైతునకు దాని యక్కర

సంఘ సభ్యులలో కొందరు నేను పొలములు చూడవచ్చినపుడెల్ల ఒక ప్రశ్న వేయుచున్నారు. "అయ్యా, మన యూరి పేర రైలు స్టేషను వెలసినది గదా! మన మిరప బస్తాలను లారీ మీద గాక రైలు మీద పంపుట సాధ్యమేనా?" అని. దీనికి అవునని గాని కాదని గాని ఒక్కమాటలో చెప్పుటకు వీలులేదు. స్టేషను కట్టినంత మాత్రమున సరకు కదలదు. ఆ దారి నెవరు, ఎందు నిమిత్తము వేసిరో, అది యే పద్ధతిని బరువు మోయునో తెలిసికొన్న పిమ్మట గాని దానిని మన పనికి వాడుకొనుట తెలియదు. కావున తెలిసినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాను.

మన ఫిర్కా రెండు పాత రైలుమార్గముల నడుమ నున్నది. దక్షిణముగా గుంటూరు నుండి ఫిరంగిపురము, సాతులూరు, నరసరావుపేట, సంతమాగులూరు, శావల్యాపురము, వినుకొండల మీదుగా నంద్యాల, గుంతకల్లులకు పోవు మార్గ మొకటి. ఉత్తరముగా గుంటూరు నుండి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాలల మీదుగా మాచర్లకు పోవునది రెండవది. ఈ రెంటిలో మన తాతల కాలము నుండియు వాడుకలో నున్నది నరసరావుపేట స్టేషనే. తెల్లవారుజామున బండి కట్టినచో ఎండ ముదురునప్పటికి పేట చేరుట వాడుక. ఎద్దులకు గడ్డి వేసి, నీరు పెట్టి, బస్తాలు కాటా పెట్టించి, తిరిగి ఇల్లు చేరునప్పటికి దీపాలవేళ దాటెడిది.

ఆ పేట దారి యెట్లు పుట్టినది? మిరపకాయల కొరకు గాదు, ప్రత్తి కొరకు గాదు. కరవు కొరకు పుట్టినది.

నందన సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమలో వచ్చిన కరవును మన పెద్దలు నందన కరవనియు డొక్కల కరవనియు చెప్పుకొనెడివారు. నాటి గుంటూరు జిల్లా జనము సుమారు అయిదు లక్షలు. అందులో మూడవ వంతు వరకు నశించినట్లు లెక్కలు చెప్పుచున్నవి. ఆ పిమ్మట కృష్ణకు బెజవాడ వద్ద ఆనకట్ట కట్టబడి 1855 నాటికి డెల్టా భూములు తడిసినవి గాని మెట్టసీమయైన పలనాటికి ఆ నీరు రాలేదు. (మన పొలములకు నీరు వచ్చుటకు 1967లో నాగార్జునసాగరు కాలువలు పారువరకు వేచియుండవలసి వచ్చెను.) మరల ధాతు సంవత్సరమున 1876లో మొదలై 1878 వరకు సాగిన కరవు బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలను కాల్చివేసెను. ఆ కరవులో ఒక వింత జరిగినది. మద్రాసు సముద్రపు టొడ్డున ధాన్యపు బస్తాలు గుట్టలుగా పడియుండెను. లోపలి గ్రామములలో జనులు తిండిలేక చచ్చుచుండిరి. రైలు పోయినంత దూరము ధాన్యము పోయినది. రైలు లేనిచోట బండ్ల మీద తోలుదమన్న ఎడ్లే మేతలేక ముందుగా చచ్చిపోయెను. ధాన్యము కొరతకన్న ధాన్యమును చేర్చు దారి కొరత యెక్కువ ప్రాణములు తీసినదని పాలకులకు అప్పటికి గాని తెలియలేదు.

అందుచేత 1880లో కరవు కమీషనువారు ఇచ్చిన నివేదికలో దేశరక్షణకు ఇంకను 5,000 మైళ్ల రైలుమార్గము అత్యవసరమని వ్రాసిరి. అట్లు కరవు నుండి కాపాడుటకై తలపెట్టిన దారులలో బళ్లారి నుండి కృష్ణ యొడ్డు వరకు వచ్చినది యొకటి. దానిని నడపిన కంపెనీ 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే. పడమట గోవాలోని మార్ముగోవా రేవు నుండి తూర్పున బెజవాడ వరకు ఒకే వెడల్పు గల దారి యగుటయు దీని యుద్దేశమే. నడుమ నల్లమల కొండలు అడ్డము. బొగద వద్ద కొండను తొలిచి సొరంగము చేసిరి. దొరబావి వద్ద లోతైన లోయ మీద ఎత్తైన ఇనుప వంతెన కట్టిరి. గిద్దలూరు, నంద్యాల వైపు పోయిన మన సభ్యులు ఆ పాత స్తంభములను చూచియుందురు. తరువాత దారిని వేరు జాడను మార్చినందున నేడు వానిమీద రైలు లేదు.

కరవు కొరకు వచ్చిన దారి కరవులేని యేండ్లలో నూరక యుండునా? బయటి నుండి ధాన్యము లోపలికి తెచ్చుటకు వేసిన పట్టాలే లోపలి ధాన్యమును, ప్రత్తిని బయటికి కొనిపోయినవి. దీనివలన రైతునకు ధర పెరిగినమాట నిజమే. అయితే పాతర్లలో రెండు మూడేండ్ల జొన్న నిలువ యుంచుకొను అలవాటు పోయినదనియు, కూలివానికి తిండిగింజల వెల పెరిగినదనియు నాటివారు మొరపెట్టిరి. రెండును నిజమే యని నా యభిప్రాయము. రైలును దేవత యని గాని దయ్యమని గాని అనుటకన్న అది గిట్టుబాటు చూచుకొని తిరుగు బాడుగబండి యని తలచుట మేలు.

చిన్న స్టేషను పనిచేయు తీరు చాలమంది మనవారికి తెలియదు. నేను మిషను బడిలో చదువు రోజులలో ఒక మాస్టరుగారు మమ్ములను స్టేషనుకు తీసికొనిపోయి చూపించిరి. ఆనాటికి ఇంకను సన్నదారియే. దారి యొక్కటే, వచ్చు బండి, పోవు బండి అందులోనే తిరుగవలెను. రెండు స్టేషనుల మధ్య ఒక సమయమున ఒక్క బండియే యుండుటకు గాను ప్రతి స్టేషనులోను ఒక యంత్రముండెడిది. అందులో ఇనుప బంతులుండును. ప్రక్క స్టేషను మాస్టరు గంట కొట్టి యంగీకరించిన గాని ఇచ్చట బంతి బయటికి రాదు. ఒక బంతి బయటికి వచ్చినదా, అది పై స్టేషనులోని యంత్రమున పడువరకు రెండవది రాదు. ఆ బంతిని తోలుసంచిలో బెట్టి, దానికి పెద్ద బెత్తపు వలయము తగిలించి, డ్రైవరున కందింతురు. అది చేతనుండిన గాని డ్రైవరు బండి కదల్పడు. బండి ఆగని స్టేషనులో, అది పరుగెత్తుచుండగనే, పోర్టరు వలయమెత్తి పట్టుకొని నిలుచుండును. ఇంజను మీదివాడు చేయి దూర్చి లాగుకొనును. మాలో ఒకడు "చేయి విరుగదా?" యని యడుగగా పోర్టరు నవ్వి తన మోచేతి మీది మచ్చ చూపెను. ఈ బంతుల పద్ధతి పోయి విద్యుత్తు దీపముల సిగ్నళ్లు వచ్చిన తరువాత చిన్న స్టేషనులో ఆ సందడి తగ్గినది.

ఇక మనకు కావలసినది సరకు సంగతి. పూర్వము స్టేషను ప్రక్కనే గూడ్సు షెడ్డుండెడిది. రైతు పది బస్తాలు తెచ్చినను తీసికొనెడివారు. కాటా వేసి, ఊరు పేరు వ్రాసి, రసీదు నిచ్చెడివారు. ఆ రసీదును కేవలము కూలి చెల్లించిన చీటీ యని తలచరాదు. సరకు మీద హక్కు ఆ కాగితములోనే యుండును. దానిని చూపినవాడే అవతలి స్టేషనులో సరకు విడిపించుకొనగలడు. వెనుక సంతకము చేసి యితరులకు మార్చవచ్చును. దానిమీద బ్యాంకులో అప్పును తేవచ్చును.

దీనిని తెలియక మా తాతగారు మోసపోయిరి. ఒక సంవత్సరము పంట బాగుగా వచ్చినందున దళారిని తప్పించి నేరుగా దూరపు వర్తకునకు మిరపకాయలు పంపదలచి, స్టేషనులో రసీదును ఆ వర్తకుని పేరనే వ్రాయించి, మరునాడే టపాలో పంపివేసిరి. వర్తకుడు సరకు విడిపించుకొనెను. సొమ్ము మాత్రము రాలేదు. ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాయగా ఎనిమిది నెలలకు సగము సొమ్ము వచ్చినది. మిగిలిన సగమునకు "కాయ తడిసినది" అని జవాబు వచ్చినది. తాతగారు చనిపోవువరకు ఆ ఉత్తరమును పెట్టెలో దాచియుంచిరి. వారు చేయవలసినదేమనగా, సరకు పంపువారి పేరనే, అనగా తమ పేరనే, రసీదు వ్రాయించుకొని, దానిని వర్తకుని ఊరిలోని బ్యాంకునకు పంపి, "సొమ్ము కట్టిన పిమ్మటనే కాగితము నిండు" అని చెప్పవలసినది. ఈ పద్ధతి నేటికిని చెల్లును. లారీ రసీదునకు గూడ ఇంచుమించుగా ఇదే వర్తించును. వర్తకులందరు దీని నెరుగుదురు, రైతులే యెరుగరు.

రెండవ చిక్కు పట్టాల వెడల్పు. మన పేట దారి మీటరు వెడల్పుది, అనగా మూడడుగుల మూడంగుళముల పైచిలుకు. మద్రాసు, కలకత్తా, హైదరాబాదులకు పోవు పెద్ద దారి వెడల్పు అయిదడుగుల ఆరంగుళములు. సన్నదారి వ్యాగను పెద్దదారి మీద నడువదు గనుక దూరపు సరకునంతటిని బెజవాడవంటి చోట దింపి మరల నెక్కింపవలసి వచ్చెడిది. కొక్కెము తగిలించి బస్తాను లాగినప్పుడెల్ల కొంత కాయ నేలపాలగును. దింపునపుడొకసారి, ఎక్కించునపుడొకసారి. వాన వచ్చినచో చెప్పనక్కరలేదు.

కంపెనీల పేర్లు మారినవి. 1908లో ఇది మద్రాసు కంపెనీతో కలిసి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే యైనది. 1944లో ప్రభుత్వము స్వాధీనపరచుకొన్నది. 1951లో సదరన్ రైల్వేగను, 1966 అక్టోబరు 2న సౌత్ సెంట్రల్ రైల్వేగను మండలములేర్పడినవి. 2003 ఏప్రిలులో గుంటూరునకు ప్రత్యేక డివిజను వచ్చినది. పేరు మారినప్పుడెల్ల బోర్డు మీద రంగు మారినదే గాని రైతునకు కలిగిన మార్పు స్వల్పము. నిజమైన మార్పు 1990ల దశాబ్దములో సన్నదారులను పెద్దదారులుగా మార్చినపుడు వచ్చినది. అప్పటి నుండి మన సీమలో నెక్కించిన బస్తా మధ్యలో దింపకుండ దేశములో నెచ్చటికైనను పోవచ్చును.

అయితే ఈ లాభముతో పాటు ఒక నష్టమును వచ్చినది. పెద్ద దారి వచ్చిన కొలదిని రైల్వేవారు విడి బస్తాలను, విడి వ్యాగనులను గూడ్సు బండిలో తీసికొనుట క్రమముగా మానిరి. ఇప్పుడు గూడ్సు బండి యనగా మొత్తము బండియే. దీనిని రేకు అందురు. ఎరువుల రేకు దిగినదని మనము వినుచుందుము గదా, అదియే. సుమారు నలుబది మూతవ్యాగనుల రేకులో రెండు వేల ఆరు వందల టన్నుల వరకు పట్టును. 45 కిలోల యూరియా బస్తాలుగా లెక్కించినచో యాబది ఏడు వేల బస్తాలకు మించి! దీనిని నియమించిన గంటలలో దింపవలెను. ఆలస్యమైన ప్రతి గంటకు డెమరేజి పడును. నేల మీద దింపిన సరకు తొలగింపక యుంచిన వార్ఫేజి పడును. మా తాతగారి పది బస్తాలకు ఈ యేర్పాటులో చోటేది? రైలు ఊరి ప్రక్కనుండి పోవుచున్నను రైతు లారీ కొరకు నిలువబడుటకు కారణమిదే గాని స్టేషను మాస్టరుగారి నిర్దయ గాదు.

ఈ చిక్కును కొంత విప్పిన యుదాహరణము మన ప్రక్కనే కలదు. 2020లో కరోనా వ్యాధివలన సరిహద్దు వద్ద లారీలు నిలిచిపోయెను. గుంటూరు ఎండుమిరప బంగ్లాదేశమునకు పోవుటకు దారిలేకపోయెను. గూడ్సు రైలు మీద పంపవలెనన్న ఒక్కసారికి 1,500 టన్నులకు మించి కావలెను. చిన్న వర్తకులకు అది సాధ్యము గాదు. అప్పుడు రైల్వేవారు పార్సెలు పెట్టెలు కూర్చిన ప్రత్యేక రైలును ఏర్పరచి, ఆ సంవత్సరము జూలై నెలలో గుంటూరు వద్ద రెడ్డిపాలెము నుండి బంగ్లాదేశములోని బేనాపోలునకు నడపిరి. అందులో 16 పెట్టెలు. ఒక్కొక్క దానిలో 466 బస్తాలు, అనగా సుమారు 20 టన్నులు. టన్నుకు రైలు కూలి రు. 4,608 కాగా లారీ మీద రు. 7,000 అగుచుండెనని రైల్వేవారే ప్రకటించిరి.

ఈ యంకెలను మన పొలమునకు తెచ్చి చూతము. భేదము టన్నుకు రు. 2,392. క్వింటాలుకు రు. 239. బస్తాకు సుమారు నూరు రూపాయలు. రెండెకరముల మిరప వేసిన రైతునకు ఎకరమునకు ఇరువది క్వింటాళ్లు వచ్చినవనుకొనుడు, నలుబది క్వింటాళ్లు. భేదమంతయు అతనికే దక్కినచో తొమ్మిది వేల అయిదు వందల రూపాయలు మిగులును. అయిదుగురట్టి రైతుల పంట ఒక పార్సెలు పెట్టెను నింపును. ఎనుబదిమంది పంట ఆ రైలునంతటిని నింపును. ఒకే రకము కాయ, ఒకే తరగతి, ఒకే గిడ్డంగి, ఒకే రసీదు ఉన్నపుడే ఇది జరుగును. ఒంటి రైతునకు సాధ్యముగాని యీ పని మన సంఘమునకు అసాధ్యము గాదని నాకు తోచుచున్నది.

ఇందులో ఒక మెలిక కలదు, దానిని దాచను. నాటి రైలులో సరకు పంపినవారు వర్తకులు, రైతులు గారు. కూలిలో మిగిలిన సొమ్ము తనంతట తాను రైతు సంచిలోనికి రాదు. కల్లములో కాయ నమ్మివేసిన రైతునకు అది లారీ మీద పోయిన నేమి, రైలు మీద పోయిన నేమి? అమ్మకమును సంఘము చేతిలో నుంచుకొన్నపుడే కూలి లెక్క మనకు లెక్కయగును.

పండ్లు, కూరలు పండించువారు కిసాన్ రైలు మాట వినియుందురు. మొదటిది 2020 ఆగస్టు 7న మహారాష్ట్రములోని దేవలాలి నుండి బయలుదేరెను. మన రాష్ట్రములో అనంతపురము నుండి ఢిల్లీకి ఆ సంవత్సరము సెప్టెంబరులో నడిచెను. అందులో చిన్న మోతాదు సరకునుగూడ తీసికొనిరి. పండ్లకు కూరలకు కూలిలో సగము రాయితీగా నిచ్చిరి. ఆ రాయితీ నాటి పథకమునకు చెందినది గనుక దానిని నమ్ముకొని నేడు లెక్కలు వేయరాదు.

ఇక మన స్టేషను. నడికుడి - శ్రీకాళహస్తి దారి 2011-12లో మంజూరైనది. మొత్తము నిడివి 309 కిలోమీటర్లు. భూమిని ఉచితముగా నిచ్చుటకును, వ్యయములో సగము భరించుటకును రాష్ట్ర ప్రభుత్వ మొప్పుకొన్నది. భూమి యనగా రైతుల భూమియే. పరిహారము ముట్టినను, తాతనాటి చెలక రెండు ముక్కలై నడుమ కట్ట వచ్చినపుడు కలుగు బాధ పొలము లేనివారికి తెలియదు. ఈ దారిలో మొదట ముగిసిన భాగము పిడుగురాళ్ల వైపు నుండి శావల్యాపురము వరకు గల సుమారు 46 కిలోమీటర్లు. నెకరికల్లు, రొంపిచెర్ల స్టేషనులు ఈ భాగములోనివి. శావల్యాపురము వద్ద ఇది మన పాత గుంటూరు - గుంతకల్లు దారిని కలియును. కావున ఇంతకాలము రెండు దారుల నడుమ దేనికిని చెందక యున్న మన ఫిర్కా నేడు ఆ రెంటిని కలుపు కొక్కెము మీద నున్నది.

ఈ దారిని మన యూరి కొరకు వేయలేదు. బెజవాడ - గూడూరుల మధ్య సముద్రతీరపు దారికి తుపానులు, వరదలు వచ్చినపుడు బండ్లు నిలిచిపోవును. దానికి బదులు దారి యుండవలెనని, హైదరాబాదు వైపు నుండి తిరుపతి వైపునకు దూరము తగ్గవలెనని వేసినది. పూర్వపు దారి గోవా రేవు కొరకును కరవు కొరకును రాగా నరసరావుపేటవారు దానిని తమ సంతకు వాడుకొన్నట్లే, దూరపు బండ్ల కొరకు వచ్చిన యీ దారిని మనము మన పంటకు వాడుకొనవలసియున్నది. అడుగక యిచ్చువారెవరును లేరు. ఏ బండి యాగును, ఎప్పుడాగును అను సంగతి మారుచుండును గనుక స్టేషనులోనే విచారింపవలెను; సరకు సంగతికి మాత్రము స్టేషను చాలదు. 2020లో రైల్వేవారు ప్రతి డివిజనులోను బిజినెస్ డెవలప్‌మెంట్ యూనిట్ అను పేర నొక శాఖను ఏర్పరచిరి. క్రొత్త సరకును రైలు మీదికి రాబట్టుటయే దాని పని. మన యర్జీ అచ్చటికి పోవలెను. అర్జీలో "మాకు రైలు కావలెను" అని వ్రాసిన ప్రయోజనము లేదు. ఏ నెలలో ఎన్ని టన్నులు, ఏ ఊరికి, ఏ రకము సరకు అని వ్రాసిననే వారు పరిశీలింతురు. కావున సభ్యులు తమ మిరప విస్తీర్ణమును, పోయిన సంవత్సరము వచ్చిన బస్తాల లెక్కను, అవి యే యూరికి పోయినవో తెలిసినచో దానిని గూడ వ్రాసి సంఘ కార్యదర్శిగారి కీయవలెనని కోరుచున్నాను.

మరి రెండు చిన్న సంగతులు. రైలు మీద పంపిన సరకు పోయినను, చెడినను, ఆ నష్టము కోరుచు నోటీసు సరకు అప్పగించిన నాటి నుండి ఆరు నెలలలోగా రైల్వేవారికి చేరవలెనని 1989 రైల్వే చట్టము చెప్పుచున్నది. బస్తా తడిసి వచ్చినచో విడిపించుకొనక ముందే తూకము వేయించి, కాగితము మీద వ్రాయించుకొనుడు. రెండవది: చిత్తూరు జిల్లాలో గూడ రొంపిచెర్ల యను ఊరున్నది. ఉత్తరము మీద గాని, పార్సెలు చీటీ మీద గాని, సంచి మీద గాని ఊరి పేరు ప్రక్కన పల్నాడు జిల్లా యని తప్పక వ్రాయుడు. విత్తనపు పొట్లమొకటి నాకు పందొమ్మిది దినములు ఆలస్యముగా వచ్చినది, ఈ మాట వ్రాయకపోవుట చేతనే.